బావ తెచ్చిన గేమ్, తమ్ముడు పెట్టిన లైట్లు

కోరుట్ల,
4-10-2017

తమ్ముడు జలపతికి,

వేములవాడ రాజన్న పేరు తలచుకుని, కాగితం ముందు పెట్టుకుని అరగంటయింది. మీ బావ దుబాయిలో ఉన్నప్పుడు నెలకొక ఉత్తరం రాసేదాన్ని. ఆయన పోయిన ఎనిమిదేళ్లలో మళ్లీ పెన్ను పట్టలేదు. ఇప్పుడు నీకోసం పట్టాను. ఫోన్‌లో నీతో మాట్లాడటం నావల్ల కావడం లేదు. ఎదురుగా వచ్చి కూర్చుంటే నా నోరు పెగలదు. అమ్మ అనేది గుర్తుందా, "గీ పిల్ల మాట దానికే ఇనపడదు" అని. రాసేటప్పుడు బడిలో నేర్పిన తెలుగే వస్తుంది నాకు. నవ్వకు.

రాఖీ కట్టడానికి వచ్చినప్పుడు ఎంత బాగా మాట్లాడావు. బస్సు దాకా వచ్చి మక్కకంకులు కూడా కొనిచ్చావు. ఆ తర్వాత వారానికి ఫోన్ చేసి, కంటికి ఆపరేషన్ చెయ్యాలన్నారు, భయమవుతోంది తమ్ముడా అన్నాను. "సరే అక్క, మంచిది" అని పెట్టేశావు. బిడ్డ సంగీతకు సెలవు దొరకలేదు. పక్కింటి ఐలవ్వను తోడు తీసుకుని జగిత్యాల పోయి చేయించుకున్నాను. పెత్రమాసకు మీ బావ పేరున బియ్యం ఇవ్వాలి, మగదిక్కు లేదు, నువ్వు రావాలని ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ సరే అన్నావు. పొద్దుగూకేదాకా గడపలో కూర్చున్నాను. ఐలవ్వ చూసి, "నీ తమ్ముడు రాడు గని, ఇంత తిను, షుగర్ గోలీ ఏసుకోవాలె" అంది.

అమ్మా నాన్నా పోయాక నాకు తల్లిగారిల్లంటే నువ్వే. నా మీద కోపముంటే రాయి. ఈ ఉత్తరానికి కూడా జవాబు రాకపోతే, తంగళ్ళపల్లిలో నాకెవరూ లేరని మనసుకు చెప్పుకుంటాను.

ఇంకొక పని కూడా ఉంది. మీ బావ 2002లో సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన వీడియో గేమ్, ఊదా రంగుది, లోపలి వైర్లన్నీ పైకి కనిపించేది, సిరిసిల్లకు బట్టల కోసం వస్తున్న మా వీధి పిల్లవాడు ఓదెలుతో పంపిస్తున్నాను. ఏటా పెత్రమాస నాడు కొత్త సెల్లులు వేసి ఒక్కసారి అందులో వచ్చే పాట వింటాను. ఈసారి బొమ్మ వచ్చింది, పాట రాలేదు. ఆయన తెచ్చిన సెంటు సీసాలు, దుప్పట్లు, టేపు రికార్డరు అన్నీ పోయి ఇదొక్కటి మిగిలింది.

అది సంగీతకని తెచ్చాడు. సంగీతను ముట్టనిచ్చారా మీరు? బావా బామ్మర్దులు మంచం మీద బోర్లా పడుకుని, "బావా, ఇగ నా వంతు" అని నువ్వు, "ఆగుర, నాకింకో పానం ఉన్నది" అని ఆయన. నేను ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుండేదాన్ని. ఆ పాట ఒక చుట్టు తిరిగేలోపు నాలుగు బీడీలు అయ్యేవి. ఇప్పటికీ పాట లేకుండా చుడితే చేయి నడవదు.

పాత రేడియోలకు ప్రాణం పోసేవాడివి, దీన్ని కూడా చూడు.

నీ అక్క
దేవమ్మ


తంగళ్ళపల్లి,
12-10-2017

అక్కకు జలపతి దండాలు.

నాకు నీ లెక్క రాయరాదు. మాట్లాడినట్టే రాస్తున్న. నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. నీకు కంటి ఆపరేషన్ అయిందని చదివి పానం తల్లడిల్లింది. ఇప్పుడెట్లున్నది? చుక్కల మందు ఏస్తున్నవా? బీడీలు కొన్ని దినాలు బంద్ పెట్టు.

పెత్రమాసకు రాకపోవుడు నాదే తప్పు. కోపం ఎందుకుంటది అక్క, నీ మీద నాకు? సాంచాల కాడ బట్ట నేసుడు తోని తీరలే. గింతకంటె ఏం రాయాల్నో తెల్వది.

గేమ్ ముట్టింది. చేతుల పట్టుకుంటె బావ యాదికచ్చిండు. ఇప్పి చూసిన. లోపట పాట వచ్చే గుండ్రటిది చిలుము పట్టి పాడయింది. పాత ఫోన్ల నుంచి గసోంటిదే తీసి ఏసిన. ఒక వైరు తెగింది, అతికిచ్చిన. దాంతోపాటు ఇంకొకటి చేసిన. చప్పుడు వస్తే ఎలిగే లైట్లు పెట్టిన, అయిదు. మొన్న వినాయకుని మండపంల మిగిలిన లైట్ల దండ నుంచి తీసిన. పప్పుగింజంత మైకు ఉంటది, అది చప్పుడు పట్టుకుంటది. సన్న చప్పుడుకు పచ్చ లైటు ఒక్కటి, పెరిగినకొద్ది పసుపు, ఎరుపు. ఊదా డబ్బ గదా, లోపట ఎలుగుతుంటె మంచిగ కనపడుతది. ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న. మొదాలు పాట వైరుకే కలిపిన, గని లైట్లు సక్కగ ఎలగలే. మళ్ల ఇప్పి మైకు ఏరే పెట్టిన. నాలుగు దినాలు పట్టింది.

పక్కకు చిన్న స్విచ్ ఉన్నది. పైకి అంటె లైట్లు చాలు అయితయి, కిందికి అంటె బంద్. సెల్లులు తొందరగ అయిపోతయి, అందుకని పెట్టిన.

నవనీత నిన్ను అడిగినట్టు చెప్పుమన్నది. గేమ్ ఓదెలు తోనే పంపుతున్న.

నీ తమ్ముడు
జలపతి


కోరుట్ల,
25-10-2017

తమ్ముడికి,

గేమ్ అందింది. దీపావళి ముందు రోజు ఓదెలు తెచ్చి ఇచ్చాడు. సంచిలోంచి తీసి నొక్కగానే ఎర్రగా, పచ్చగా లైట్లు ఎగిరెగిరి వెలిగాయి. ఓదెలు నవ్వి, "అత్తా, బారాత్ల డీజే బండి లెక్క చేసిండు గద మీ తమ్ముడు" అన్నాడు. ఐలవ్వ కూడా చూసింది. గూట్లో ఆయన ఫొటో వైపు ఒకసారి చూసి పోయింది. అది నాకు ఎక్కువ బాధనిపించింది.

నేను నిన్ను అడిగింది పాట ఒక్కటే. అది ఆట వస్తువే కావచ్చు. కానీ ఎనిమిదేళ్లుగా దేవుని పక్క గూట్లో, ఆయన ఫొటో ముందు ఉంది. దానికి మండపం లైట్లు పెట్టాలని ఎట్లా అనిపించింది నీకు? నాలుగు రోజులు కూర్చుని చేశావని రాశావు. అందుకే కోపగించుకోలేకపోతున్నాను. స్విచ్ కిందికి అని గూట్లో పెట్టేశాను.

పాట వస్తోంది. కానీ లోపల బర్రుమని గీరినట్టు వస్తోంది. ఒక్క చుట్టు కూడా వినలేకపోయాను. ఇది నీ చెవికి ఎట్లా ఆనలేదని ఆశ్చర్యమైంది. పంపాలన్న తొందరలో సరిగా చూడలేదనుకున్నాను.

ఇంకో మాట. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కంటి ఆపరేషన్ సంగతి నీకిప్పుడే తెలిసినట్టు రాశావు. నేను ఫోన్‌లో చెప్పిన దినం నువ్వు విన్నావు, సరే అన్నావు. నాతో అబద్ధమెందుకు? ఎదురుగా ఉన్నప్పుడు తమ్ముడివే. ఫోన్‌లోకి వస్తే పరాయివాడివి. పక్కన కూర్చుని ఎవరైనా సైగ చేస్తున్నారా అని అనుమానం వస్తోంది. మరదలు నవనీత నన్ను అడిగినట్టు చెప్పమందని రాశావు. ఫోన్ తీసుకుని ఆమే ఒక మాట అడగొచ్చు కదా. ఎండాకాలం నుంచి ఫోన్‌లో ఆ పిల్ల గొంతు వినలేదు.

దేవుడు అందరినీ చల్లగా చూడాలి.

అక్క


తంగళ్ళపల్లి,
30-10-2017

అక్క,

నవనీతను నడుమల తేకు. ఆమె చేసిన తప్పేం లేదు. నీకు ఫోన్ చేస్తనని ఎన్నడో అన్నది. నేనే వద్దన్న, ఒట్టు పెట్టిన. ఎందుకని అడుగకు.

బావ మీద నాకు ప్రేమ లేదనుకున్నవా? బావ నాకు వాచీ కొనిచ్చిండు. దుబాయి నుంచి బావ శవం పెట్టె వస్తె హైదరాబాద్ పోయి తెచ్చింది నేనే. లైట్లు నవ్వులాటకు పెట్టలే. నీకు నచ్చకపోతె స్విచ్ ఉన్నది, కిందికి అను. మొత్తానికే వద్దంటె ఓదెలుతోని పంపు, ఇప్పి పారేస్త.

పాట బర్రుమంటుందంటున్నవు. నేను చూసినప్పుడు మంచిగనే ఎలిగింది. అయిదుకు అయిదు ఎలిగినయి.

జలపతి


కోరుట్ల,
6-11-2017

తమ్ముడా,

కోపంతో తెరిచిన ఉత్తరాన్ని కార్తీక పున్నమి ముందు రోజు నుంచి పదిసార్లు చదివాను. ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నాను. పాట ఎట్లా వస్తోందని నేను అడిగాను. "మంచిగనే ఎలిగింది" అని నువ్వు రాశావు.

పున్నమి నాడు దీపాలు పెట్టి హారతి ఇస్తూ గంట కొట్టాను. గూడు తుడిచినప్పుడు స్విచ్ పైకి జరిగినట్టుంది. పొద్దున పాట పెట్టి చూసి, ఆట అయిపోయి పాట ఆగాక గేమ్ ఆపడం కూడా మరిచాను. గంట కొట్టగానే గూట్లో అయిదు లైట్లూ లేచాయి. గంట ఆపాను. చప్పుడు సన్నబడినకొద్దీ పైనుంచి ఒక్కొక్కటి ఆరుతూ వచ్చింది. చివరకు పచ్చది ఒక్కటే కాసేపు నిలబడి, అదీ పోయింది. నేను హారతి పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

తర్వాత గేమ్ తీసి చూశాను. చప్పుడు పెంచే చక్రం చివరిదాకా తిప్పి ఉంది. దాన్ని సగానికి తెచ్చాను. గీరినట్టు రాలేదు. పాత పాటే, పాతట్లాగే వచ్చింది. అంటే దాన్ని చివరిదాకా తిప్పింది నువ్వే. అంత మోతను నువ్వు భరించావంటే నేను నమ్మలేను. చిన్నప్పుడు నాన్న తాటిచెట్టు మీద కల్లు గీస్తుంటే, రోడ్డు మీది నుంచే కత్తి చప్పుడు విని "నాన్న మూడో చెట్టు మీదున్నడు" అనేవాడివి. నేను చెట్టు చెట్టూ తిరిగి చూస్తే మూడోదాని మీదే ఉండేవాడు. షెడ్డు బయట నిలబడి ఏ సాంచ పాడైందో చెప్పేవాడివని ఆసామి నీకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చిన రోజు, అమ్మ ఇంటింటికీ చెప్పుకుంది.

కంటికి కట్టు కట్టిన రెండు రోజులు, రెండో కన్నూ మసకే గనుక, ఇంట్లో ఎవరు నడుస్తున్నారో, పొయ్యి మీద ఏముందో నేను చెవితోనే తెలుసుకున్నాను. అది గుర్తొచ్చింది.

రాఖీ నాడు నేను ముంత కోసం వంటింట్లోకి పోతూ వెనక్కి తిరిగి ఏదో అడిగాను. నువ్వు పలకలేదు. తిరిగి వచ్చి ఎదురుగా అడిగితే పలికావు. నేను మాట్లాడినంతసేపూ నా మొహమే చూస్తున్నావు. అక్కంటే ఎంత ప్రేమో అనుకుని సంబరపడ్డాను.

జలపతీ, నీకు వినపడటం లేదు కదూ?

అవునని ఒక్క అక్షరం రాసినా చాలు. నవనీతను ఏమీ అనకు. ఆమె చెప్పలేదు. నువ్వు పెట్టిన లైట్లే చెప్పాయి.

అక్క


తంగళ్ళపల్లి,
14-11-2017

అక్క,

అవును.

నీ ఉత్తరం నవనీత ముందట చదివిన. "నేను చెప్పలే, చూసినవా, మీ అక్కకే తెలిసింది" అని ఏడ్చింది. నా నెత్తి మీద కూడ ఒక్కటి ఏసింది.

ఎన్నడు పోయిందో నాకే తెల్వదు. సాంచాల కాడ ఎవలకూ ఏం వినపడదు గదా. అందరం చేతులతోని, మూతులు చూసుకుంట మాట్లాడుకుంటం. ఇరవై నాలుగేండ్ల సంది గంతే. పక్కోనికి ఇనపడ్తలేదు, నాకూ ఇనపడ్తలేదు, ఇద్దరం ఒక్కటే అనుకున్న.

పోయిన ఎండకాలం ఒకనాడు పగటీలి కరెంటు పోయింది. సాంచాలు అన్ని ఆగినయి. నా చెవుల మాత్రం నడుస్తనే ఉన్నయి. నేను చెయ్యి పిడి మీద పెట్టుకొని గట్లనే నిలబడ్డ. ఎదురు సాంచ మీది సతీశ్ మూతి చూస్తె, "ఏంరా జలపతీ, నీ సాంచ ఇంక ఆగలేదా?" అంటుండు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. బయటికచ్చి మోరి కాడ కూసున్న. రోడ్డు మీద బండ్లు పోతున్నయి, చప్పుడు లేదు. గప్పుడు తెలిసింది.

డాక్టర్ దగ్గరికి నవనీత తోలుకపోయింది. చెవికి మిషన్ పెట్టుకోమన్నడు. పెట్టుకుంటె అందరికి తెలుస్తది. చెవిటోన్ని సాంచాల మీద ఎవలుంచుకుంటరు? ఆడోళ్ల తోని నూలు కండెలు చుట్టుమంటరు. అందుకే ఎవలకు చెప్పద్దని నవనీతకు ఒట్టు పెట్టిన.

నీకు ఎందుకు చెప్పలేదో ఇను. అందరి మాటకంటె ముందుగాల నీ మాట పోయింది అక్క. నువ్వు మెల్లగ మాట్లాడుతవు. గట్టిగ మాట్లాడేటోళ్లది ఇంక కొంచెం అందుతది. నీ మాట ఫోన్ల మొత్తానికే అందది. ఫోన్ ఎలిగితె నీ పేరు కనపడుతది. ఎత్తకపోతె బాధపడుతవని ఎత్తుత. నీ మాట ఎట్లుంటదో యాది చేసుకొని, ఆగినవనుకున్న కాడ సరే అంట. కంటి ఆపరేషన్ అన్నప్పుడు గూడ గట్లనే అన్న. అది చదివిన దినం అన్నం తినలే.

గేమ్ బాగు చేసిన గని పాట వస్తుందో లేదో నాకెట్ల తెలుస్తది? వేలు పెట్టి చూసిన, సన్నగ అదిరింది. అది పాటనో, పాడయిన చప్పుడో ఎట్ల చెప్పాలె. అందుకే లైట్లు పెట్టిన. మొదటిసారి పాట నడుస్తుంటె లైట్లు ఎక్కి దిగుతున్నయి చూడు, బావ "నాకింకో పానం ఉన్నది" అన్న కాడ పాట ఎట్ల పైకి పోయేదో గట్లనే పోయినయి. చూసుకుంటనే ఉన్న. తీసేద్దామనుకున్న గని మనసు రాలే. నీకు ఇష్టం లేకపోతె అని స్విచ్ పెట్టిన.

పక్కకు స్విచ్ కింద సూది బెజ్జమంత తొర్ర ఉన్నది. అండ్ల చిన్న స్క్రూ. కుడి దిక్కు తిప్పితె సన్న చప్పుడు గూడ పడుతది. నేను సాంచాల లెక్కకు పెట్టిన, నీ మాటకు ఎలగదు. బీడీల కత్తెర మొనతోని మెల్లగ తిప్పు.

ఇగ నువ్వు ఫోన్ చెయ్యకు. ఉత్తరం రాయి.

నీ తమ్ముడు
జలపతి


కోరుట్ల,
20-11-2017

నా తమ్ముడు జలపతికి,

ముందుగా నవనీతకు. అమ్మా, పెద్దదాన్ని, నిన్ను అనరాని మాట అనుకున్నాను. ఒక్కదానివే ఇంత మోశావు. ఈ మొదటి కాగితం ఆమెకు చదివి వినిపించు.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. జగిత్యాలలో సంగీత ఎక్కుతుంది. సోమవారం నలుగురం కలిసి డాక్టర్ దగ్గరికి పోయి మిషన్ తెచ్చుకుందాం. కండెలు చుట్టమంటే చుట్టు. నేను పొద్దంతా ఆకులు కత్తిరించి బీడీలు చుడతాను, నా చేతులు ఏం తక్కువయ్యాయి? నాన్న చెట్టు మీది నుంచి పడ్డాక, ఇక నా కొడుకు చెట్టెక్కడని నిన్ను సాంచాల మీద పెట్టాడు. అక్కడేం దెబ్బ తగలదనుకున్నాడు పాపం. రాజన్న దయవల్ల నీ కాళ్లూ చేతులూ బాగున్నాయి. చాలు.

వచ్చేటప్పుడు గేమ్ తెస్తాను. నువ్వు ఇంటి ముందు సాయబానులో కూర్చుని పని చేసుకుంటుంటే నీ ముందు పెడతాను. వెనక నుంచి పిలిచినా నీకు తెలుస్తుంది. ఓదెలు నిన్న మళ్లీ వచ్చి, "అత్తా, డీజే బండి ఏమంటుంది?" అని అడిగాడు. "నీకంటే మంచిగ ఇంటుంది" అన్నాను. ఎంత పిల్లవాడైనా సిగ్గుపడ్డాడు.

ఈ రెండో కాగితం నీకొక్కడికే.

మొన్న మధ్యాహ్నం చాట పక్కన పెట్టి, గేమ్ పాట చప్పుడు పూర్తిగా తగ్గించి, కత్తెర మొనతో నువ్వు చెప్పిన స్క్రూ తిప్పాను. ముందు "జలపతీ" అని పిలిచాను. వెలగలేదు. ఇంకొంచెం తిప్పి పిలిచాను. వెలగలేదు. అప్పుడు తెలిసింది నా గొంతు ఎంత సన్నదో. మీరంతా ఇన్నేళ్లు దీన్ని ఎట్లా విన్నారో. తలుపు దగ్గరగా వేసి, నాన్న చెట్టు మీది నుంచి కుండ అందుకోమని అరిచేవాడే, అట్లా అరిచాను. అయిదూ వెలిగాయి. ఐలవ్వ ఉరికి వచ్చి, "ఏమైందే, పాము వచ్చిందా?" అంది. తమ్ముణ్ణి పిలుస్తున్నానంటే, నా తల మీద చెయ్యి పెట్టి చూసి పోయింది.

తర్వాత స్క్రూ చివరిదాకా తిప్పాను. ఫ్యాన్ చప్పుడుకే వెలుగుతూ కూర్చుంది. ఏం చేయాలో తోచలేదు. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. వీధిలో కూడా చప్పుడు లేదు. గేమ్‌లో లైట్లన్నీ ఆరిపోయాయి. ఆయన ఫొటోతో పాటు అది కూడా నా వైపే చూస్తున్నట్టనిపించింది.

నీకు తెలుసు, పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో మీ బావ పేరు నా నోటి నుంచి రాలేదు. రేషన్ కార్డు రాసేవాళ్లడిగితే సంగీతతో చెప్పించాను. హైదరాబాదులో పెట్టె ఇచ్చేటప్పుడు అడిగితే నేను కొంగు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను, నువ్వే ముందుకొచ్చి చెప్పావు. ఆయన ఉన్నప్పుడు పలికితే ఆయుష్షు తగ్గుతుందన్నారు. పోయాక పలికి ఏం లాభమని ఊరుకున్నాను.

ఆ కరెంటు పోయిన ఇంట్లో, గూటి ముందు కూర్చుని, ఆయన పేరు పలికాను. పెదవులు కదిలాయో లేదో అన్నట్టుగా. నాకే సరిగా వినపడలేదు.

పచ్చ లైటు ఒక్కటి వెలిగింది తమ్ముడా. వెలిగి, నా మాట ఉన్నంతసేపు ఉండి, ఆరింది. మళ్లీ పలికాను. మళ్లీ వెలిగింది. కరెంటు వచ్చేదాకా పలుకుతూనే ఉన్నాను.

స్విచ్ ఇక కిందికి అనలేదు. సెల్లులు అయిపోతే వేరేవి వేసుకుంటాను.

ఈ కాగితాలు నీ పెట్టెలో, మీ బావ ఇచ్చిన వాచీ దగ్గర పెట్టు. ఎవరికీ చూపించకు, నవనీతకు కూడా. నేను పేరు పలికిన సంగతి నువ్వు పెట్టిన లైటుకు తెలుసు, ఇప్పుడు నీకు తెలిసింది. అంతటితో ఉండనీ.

నీ అక్క
దేవమ్మ